పద్దెనిమిది సెకన్ల తేడా

రోజూ ఉదయం ఆరింటికి ఈ వాచీకి కీ ఇస్తాను. ఇరవై రెండు తిప్పులు. ఇరవై ఒకటో తిప్పు దగ్గర బొడిపె వేళ్ళకు బరువుగా తగులుతుంది. ఇరవై రెండుతో ఆపేస్తాను. ఇరవై మూడో తిప్పు ఎప్పుడూ తిప్పి చూడలేదు. స్ప్రింగు తెగితే అలాంటిది మళ్ళీ దొరకదని నూజివీడులో వాచీలు బాగుచేసే పెద్దాయన చెప్పాడు.

దీని వివరాలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. స్టీలు కేసు. పదిహేడు రాళ్ళు. సెకన్ల ముల్లు మధ్యలో ఉండదు. ఆరు అంకె ఉండాల్సిన చోట చిన్న గుండ్రంలో విడిగా తిరుగుతుంది. డయలు ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు పేరుకున్న నెయ్యి రంగు. నాలుగు దగ్గర చెమ్మ దిగిన మచ్చ, కందిగింజంత. తోలు పట్టీ మీద మామిడి సొన కాల్చిన నల్ల చుక్కలు పదకొండు. చెవి దగ్గర పెట్టుకుంటే సెకనుకు ఐదు దెబ్బలు.

నేను విజయవాడలో ఒక వర్క్‌షాపులో పని చేస్తాను. పగలంతా లేత్‌ల మోత. మధ్యాహ్నం క్యారియరు తిన్నాక మిషన్లు ఆగి ఉండే అరగంటలో గోడకు ఆనుకుని ఈ వాచీని చెవి దగ్గర పెట్టుకుంటాను. ఇంత చిన్న యంత్రం, నా కంటే ఎక్కువ వయసున్నది, తడబడకుండా కొట్టుకుంటూ ఉంటే వినడం నాకు ఇష్టం. తోటి పనివాళ్ళు దీన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఎక్కడ కొన్నావంటారు. మా నాన్నదని చెబుతాను. నాన్నది నా చేతికి ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

మా మామిడి తోట రెడ్డిగూడెం వైపు, ఎర్ర నేల. ఎక్కువ చిన్నరసాలు, కొన్ని బంగినపల్లి, గట్టు పొడుగునా కలెక్టరు కాయ చెట్లు. మూడు తోటలకు కలిపి ఒకటే బావి. తూర్పుది మాది. పడమటిది మా బాబాయిది, అంటే నాన్నకు పినతండ్రి కొడుకు. మధ్యది నూజివీడు షావుకారు ఒకాయన కౌలుకు తీసుకున్నాడు. బావి మీద కరెంటు మోటారు. ఆ వేసవిలో కరెంటు ఉదయం ఐదు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఇచ్చేవారు. తొమ్మిది గంటలు, మూడు వంతులు, వంతుకు మూడు గంటలు. మోటారు ఆపే పని లేదు. వంతు అయిపోగానే ఒక బోదెకు, అంటే తోటలోకి పారే పిల్లకాలువకు, మట్టితో మడవ కట్టేసి, పారతో రెండో బోదెకు గట్టు తెగ్గొడితే నీళ్ళు అటు మళ్ళుతాయి.

ఆ టైము చూసేది నాన్న. ఇరవై ఏళ్ళు ఆయనే చూశాడు. వాచీ అంతకు ముందు ఏలూరు కాలువ మీద లాకుల దగ్గర పనిచేసిన ఒకాయనది. ఆయన రిటైరయ్యాక, రెండు వేసవులు వాళ్ళింటికి రసాల బుట్టలు మోసి, పైన కొంత డబ్బు ఇచ్చి నాన్న దాన్ని తెచ్చుకున్నాడు. నీళ్ళ దగ్గర పుట్టిన వాచీ, నీళ్ళ దగ్గరికే వచ్చింది అనేవాడు.

టైము చూసేవాడి వంతు చివర ఉండాలన్నది మా తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. మొదట బాబాయి, తర్వాత షావుకారు, ఆఖరున మేము. రెండింటికి కరెంటు పోతుంది కాబట్టి ముందు వంతులు ఎంత సాగితే అంత మాకు తగ్గుతుంది. పొరపాటు జరిగితే టైము చూసేవాడి నెత్తినే పడాలి. అందుకే ఆ మనిషిని ఎవరూ అనుమానించనక్కర్లేదు.

ముందు రెండు వంతులు నడిచేటప్పుడు వాచీ మోటారు షెడ్డులో మేకుకు వేలాడేది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని. మా వంతు రాగానే నాన్న దాన్ని చేతికి పెట్టుకుని బోదె వెంట వెళ్ళేవాడు. టైము అడిగితే అంకెలు చెప్పేవాడు కాదు.

"అన్నయ్యా, అయిందా?" అని బాబాయి బోదె మీద నుంచి కేకేసేవాడు.

"ఇంకో చుట్ట కాల్చుకోరా."

అంటే ఇంకో పది నిమిషాలు. "పెరుగన్నం కలుపుకో" అంటే ఐదు. వంతు పూర్తయ్యాక కూడా నాన్న వెంటనే పార తీసుకునేవాడు కాదు. తువ్వాలు దులిపి, నాలుగు మడతలు వేసి, భుజం మీద పెట్టుకుని, కుండలోంచి నీళ్ళు ముంచుకు తాగి, అప్పుడు లేచేవాడు. బాబాయి వంతు చివర ఆ మడతలు ఇంకా నెమ్మదిగా పడేవి. పళ్ళకు కొసరు ఉన్నట్టు నీళ్ళకూ కొసరుండాలని నాన్న లెక్క. చుట్టుపక్కల వాళ్ళు కూడా వంతుల తగవు వస్తే నాన్నను తీసుకెళ్ళేవాళ్ళు. విస్సన్నపేట దాకా వెళ్ళిన రోజులున్నాయి. వాచీ చేతికి పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళేవాడు.

డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగానికి కాగితాలు పెట్టి, పిలుపు కోసం ఎదురుచూస్తూ ఆ వేసవి ఇంట్లో ఉన్నాను. వానలు లేని ఏడాది. బావిలో నీళ్ళు మెట్ల కిందికి దిగాయి. పూత బాగానే వచ్చింది కానీ పిందె నిమ్మకాయంత కాకుండానే రాలిపోతోంది. పొద్దున తోటలోకి వెళ్తే కాలి కింద పిందెలు చితికేవి. బాబాయి తోట మెరక మీద ఉంటుంది. అక్కడ ఇంకా ఎక్కువ రాలాయి. ఆయన మాట్లాడటం తగ్గించేశాడు.

నాకు పనేమీ లేదు. ఆ వాచీని కొలవడం మొదలుపెట్టాను. ఉదయం ఏడింటి వార్తలకు ముందు రేడియోలో వచ్చే టైము కూతలతో పోల్చి, ఎన్ని సెకన్లు తేడా ఉందో రాసేవాణ్ణి. వంతులు అయ్యాక మిగతా రోజంతా ఒకే తీరులో ఉంచి కూడా చూశాను: బల్ల మీద వెల్లకిలా, మేకుకు వేలాడదీసి, చేతికి పెట్టుకుని. నాన్న నవ్వి ఊరుకునేవాడు, తోటకు అవసరమైనప్పుడు మాత్రం తీసుకెళ్ళేవాడు. నలభై రోజులు రాశాను. వేలాడినప్పుడు గంటకు పది సెకన్లు వెనకబడుతోంది. చేతికి ఉంటే నాలుగు సెకన్లు. పాత వాచీల్లో అది మామూలే. లోపల ఊగే చక్రం ఏ కాస్త ఒక పక్కకు బరువున్నా, నిలబెట్టినప్పుడు ఒకలా, పడుకోబెట్టినప్పుడు ఒకలా నడుస్తుంది. మూడు గంటల వంతుకు ముప్పై సెకన్లు, పన్నెండు సెకన్లు. తేడా పద్దెనిమిది. ఆ పద్దెనిమిది కింద రెండు గీతలు గీశాను.

ఒకరోజు బాబాయి వంతు ఇంకాసేపట్లో అవుతుందనగా షావుకారు స్కూటరు మీద వచ్చాడు. నాన్న షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. నేను గోనెపట్టా మీద పుస్తకం తెరిచి కూర్చున్నాను.

"అబ్బాయి ఏం రాస్తున్నాడండీ అంత దీక్షగా?" అన్నాడు షావుకారు.

"వాచీ లెక్కలంటండీ. చదువుకున్నాడు కదా, ఖాళీగా ఉండలేడు." నాన్న గొంతులో కొంచెం గర్వం ఉంది. నాకు అది గుర్తుంది.

"ఏం తేల్చావు బాబూ?"

నేను లేచి నిలబడ్డాను. పరీక్షలో లెక్చరరుకు చెప్పినట్టు చెప్పాను. "ఇలా మేకుకు వేలాడితే రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతోందండీ. చేతికి ఉంటే నిమిషమున్నర చిల్లర. ఒక వంతులో పద్దెనిమిది సెకన్ల తేడా వస్తోంది."

బాబాయి మోకాళ్ళ దాకా బురదతో, భుజాన పారతో అప్పుడే షెడ్డు దగ్గరికి వచ్చాడు. "ఎవరి వంతులో?" అన్నాడు.

"మేకుకు ఉండేది మీ ఇద్దరి వంతుల్లో కదా బాబాయ్. మా వంతుకు నాన్న చేతికి ఉంటుంది."

"అయితే పోయేదెవరికి?"

ఒక్క నిమిషం ఆగి, పుస్తకంలో గీతలు గీసుకుని చూసుకుంటే సరిపోయేది. అందరూ నన్నే చూస్తున్నారు. వెనకబడే వాచీ అంటే లోటు, లోటంటే తక్కువ అని నోరు అనేసింది. "మీకే బాబాయ్. మీకు తగ్గుతోంది."

బాబాయి భుజం మీది పార దించాడు.

"పద్దెనిమిది సెకన్లకు ఏం మునిగిపోతుందండీ. రెండు తుమ్ములు తుమ్మితే అయిపోయె," అన్నాడు షావుకారు.

"మీకేం, ఈ ఏడు కాయ పోతే పైయేడు ఇంకో తోట కౌలుకు పడతారు. చెట్లు ఎండిపోయేది మావి," అన్నాడు బాబాయి.

నాన్న లేచి వాచీ చూశాడు. వంతు అయిపోయింది. అయినా తువ్వాలు తీసి మడత పెట్టబోతూ, "నీ బోదె పొడుగు కదరా, ఇంకాసేపు పారనీ," అన్నాడు.

"వద్దులే అన్నయ్యా. మాకు రావాల్సింది రానిస్తే చాలు. కొసర్లు ఎందుకు?"

బాబాయి వెళ్ళి తన మడవ తనే కట్టేశాడు. అంతకు ముందు అలా ఎవరూ చేయలేదు.

నా తప్పు నాకు అన్నం తింటుంటే తెలిసింది. వాచీ నెమ్మదిగా నడిస్తే, అది మూడు గంటలు చూపించేసరికి నిజంగా మూడు గంటలు దాటి ముప్పై సెకన్లు అయి ఉంటుంది. నీళ్ళు అంతసేపు ఎక్కువే పారతాయి. వాళ్ళకు తగ్గడం లేదు, పెరుగుతోంది. పెరిగినదంతా మా వంతులోంచి పోతోంది. చిన్నపిల్లలకు వచ్చే లెక్క. ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెట్టాను, అదీ నలుగురి ముందు.

"నాన్నా, నేను తిరగేసి చెప్పాను. వాళ్ళకు ఎక్కువే వస్తోంది," అన్నాను.

"తెలుసు."

"తెలిస్తే అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పాక నేనేం చెబుతాను? నా వాచీ మంచిదని నేనే చెప్పుకోనా?"

మజ్జిగ పోస్తున్న అమ్మ అడిగింది, "ఇంతకీ ఆ పద్దెనిమిది సెకన్లకు ఎన్ని నీళ్ళు వస్తాయిరా?"

డ్రమ్ము పెట్టి కొలిచి ఉన్నాను కాబట్టి వెంటనే చెప్పాను. "ఆరు బిందెలు."

"ఆరు బిందెలా. ముందే చెబితే నెత్తిన పెట్టుకుని నేనే మోసి పోసి వచ్చేదాన్ని కదరా."

మర్నాడు ఉదయం పుస్తకం పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాను. నేల మీద పుల్లతో రెండు వాచీలు గీశాను, ఒకటి సరైనది, ఒకటి నెమ్మదైనది. ఆయన పార పిడి మీద గడ్డం ఆనించి చివరి దాకా విన్నాడు.

"నిన్న తగ్గిందన్నావు. ఇవాళ పెరిగిందంటున్నావు."

"నిన్నటిది పొరపాటు బాబాయ్."

"నువ్వు దిద్దుకున్నావా, మీ నాన్న దిద్దించాడా?"

 నేను గీసిన రెండు వాచీల మీదుగా ఆయన నడిచి వెళ్ళిపోయాడు. కోపంగా తొక్కలేదు, ఆ దారిన వెళ్ళాలి కాబట్టి తొక్కాడంతే.

నాలుగో రోజు బాబాయి బెజవాడ వెళ్ళి అంకెలు వెలిగే బ్యాటరీ వాచీ కొనుక్కొచ్చాడు. నల్ల ప్లాస్టిక్కు పట్టీ, పక్కన నాలుగు బొత్తాలు. పెట్టిన టైముకు కీచుమని కూస్తుంది. దాన్ని షెడ్డులో అదే మేకుకు తగిలించాడు. "పడుకోబెట్టినా నిలబెట్టినా దీనికి ఒకటేనంట," అన్నాడు, నన్ను చూడకుండా. వంతులు కూడా ఇక మీదట వారానికి ఒకరివి ముందుకు మారాలన్నాడు. ఎవరి మీదా భారం వద్దన్నాడు.

"అలాగే కానీరా," అన్నాడు నాన్న. తన వాచీని మేకు నుంచి తీసి, చేతికి పెట్టుకోకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చాక నా పుస్తకం మీద పెట్టాడు. "నీ దగ్గరే ఉంచుకో. నాకు ఎండ చూస్తే తెలుస్తుంది." అరవలేదు, తిట్టలేదు. తిడితే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. ఆయన ఎడమ మణికట్టు మీద పట్టీ ఉండే చోటు మాత్రం తెల్లగా, ఎవరిదో చేయిలా ఉంది. అది మళ్ళీ నల్లబడటానికి ఆ వేసవంతా పట్టింది. తర్వాత విస్సన్నపేట నుంచి గానీ ఇంకెక్కడి నుంచి గానీ తగవు తీర్చమని ఎవరూ రాలేదు. నాన్న వాచీ తప్పట, కొడుకే పట్టుకున్నాడట అని ఊరూరా పాకిపోయింది. మాటలో చివరి ముక్క అబద్ధం కూడా కాదు.

ఉద్యోగం పిలుపు వచ్చాక, చేరబోయే ముందు వాచీని నూజివీడులో పెద్దాయనకు ఇచ్చాను. కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పాడు. అంచుల్లో ఎర్రమన్ను. బొడిపె లోపల ఎండిన సొన, లక్కలా.

"తోటల్లో తిరిగిన బండేనండీ ఇది. ఇన్నాళ్ళు ఇంత బాగా ఎలా నడిచిందో," అన్నాడు.

"నిలబెట్టినా పడుకోబెట్టినా ఒకేలా నడిచేట్టు చేయగలరా?"

"కొంత దగ్గరికి తెస్తాను. ఒకేలా అంటే కుదరదండీ. మీరు మాత్రం కూర్చుని తిన్నట్టు పడుకుని తినగలరా?"

కడిగి, నూనె వేసి, చక్రం పక్కనున్న చిన్న మీటను వెంట్రుకంత జరిపాడు. రెండు వారాలు చూసి కాగితం మీద రాసుకున్నాను. ఇప్పుడు చేతి మీద ఉంటే రోజుకు తొమ్మిది సెకన్ల తేడా. ఈ వయసు వాచీకి అది చాలా మంచి లెక్క. ఆ కాగితం మా వర్క్‌షాపులో ఎవరికి చూపించినా మెచ్చుకుంటారు. ఇంట్లో చూపించలేదు.

తర్వాతి వేసవి ఒక ఆదివారం కోసం ముందురోజే ఊరికి వచ్చి, ఉదయం ఐదింటికి నాన్నతో తోటకు వెళ్ళాను. ఆ వారం మొదటి వంతు మాది, రెండోది బాబాయిది. ఆ రోజే ఇంకొకటి కొలిచాను. బావి నుంచి మెరక దాటి బాబాయి మొదటి చెట్టు పాదులోకి నీళ్ళు చేరడానికి ఎంత పడుతుంది అని. ముందురోజు తడిసిన బోదె ఎండిపోయి బీటలు విచ్చి ఉంటుంది. ముందు ఆ బీటలు తాగాలి. మా మడవ కట్టడానికి ఇంకా చాలా టైము ఉండగా, నాన్నను అడిగి ఒక పాయ అటు వదిలి, నీటి మొన వెంట వాచీ చేతిలో పట్టుకుని నడిచాను. ఆరు నిమిషాల పది సెకన్లు. మా తోటకైతే నిమిషం కూడా పట్టదు. తువ్వాలు నాలుగు మడతలు, కుండలో నీళ్ళు, అటూ ఇటూ చూడటం అన్నీ కలిపితే దాదాపు అంతే అయ్యేది. నాన్న ఎన్నడూ దాన్ని కొలిచి ఉండడు. నేను నలభై రోజులు కొలిచి, దాన్ని మాత్రం కొలవలేదు. ఆ కొసరు పోయిన ఏడాదిలో బాబాయి పడమటి గట్టు వెంట నాలుగు రసాల చెట్లు పైకొమ్మల నుంచి ఎండుతూ వచ్చాయి. పద్దెనిమిది సెకన్లు దక్కాయనుకుని ఆరు నిమిషాలు పోగొట్టుకున్నాడని ఆయనకు ఎవరు చెబుతారు? నేను చెబితే వినడు. నాన్న చెప్పడు.

ఏడింటికి వార్తల ముందు షెడ్డులోని చిన్న రేడియోతో వాచీ సరిచూసుకున్నాను. ఏడూ నలభై దాటాక బాబాయి వచ్చాడు. "ఎప్పుడొచ్చావురా?" అన్నాడు. "నిన్న బాబాయ్," అన్నాను. అంతే. ఆయన వెళ్ళి మా బోదె పక్కన పార నేలకు ఆనించి నిలబడ్డాడు. నాన్న ఆఖరి వరసలో పాదులు సర్ది, షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చివరి బంగినపల్లి చెట్టు పాదులోకి నీళ్ళు అప్పుడే మొదలయ్యాయి.

మేకు మీద ఉన్న వాచీ కీచుమంది. బాబాయి పార ఎత్తి మా మడవ కట్టేశాడు. బోదెలో నీళ్ళు ఎక్కడివక్కడ ఆగి, కొంచెం వెనక్కి ఊగి, ఇంకిపోవడం మొదలుపెట్టాయి.

నా చేతి మీద చూశాను. ఎనిమిది కావడానికి ఇంకా పదకొండు సెకన్లు ఉన్నాయి.

 పదకొండు సెకన్లూ అయ్యేదాకా ఆ చిన్న ముల్లును చూస్తూ ఉన్నాను. నాన్న తువ్వాలు తీసి దులిపి, మొదటి మడత పెట్టి, మడవ కట్టి ఉండటం చూసి, మిగతా మడతలు పెట్టకుండా అలాగే భుజం మీద వేసుకుని లేచాడు.